"మనది బియ్యం తిండే కదా!": హెండర్సన్‌లో గ్లూటెన్ లేకుండా బయట తినడం

మన గ్రూపుల్లో నెలకోసారైనా ఈ ప్రశ్న వస్తుంది. "వెస్ట్ ఆక్లాండ్‌లో గ్లూటెన్ ఫ్రీ ఎక్కడ బాగుంటుందండీ? పాపకి సీలియాక్ అని తేలింది." ఐదు నిమిషాల్లో బోలెడు జవాబులు వచ్చి పడతాయి. వాటిలో సగానికి పైగా ఒకటే మాట: "కంగారు పడకండి, మనది బియ్యం తిండే కదా! ఇడ్లీ, దోసె తినండి, చాలు."

మంచి మనసుతో ఇచ్చే సలహానే. కానీ సీలియాక్ ఉన్నవాళ్ళని ఎక్కువగా ఇబ్బందిలో పడేసే సలహా కూడా ఇదే. కేఫ్‌లో కేకు ముందు నిలబడితే మనకి భయం గుర్తుంటుంది, నాలుగు ప్రశ్నలు వేస్తాం. మనవాళ్ళ హోటల్లో ఇడ్లీ సాంబారు ముందుకొచ్చేసరికి ఆ భయం పోతుంది. అడగం. అడిగితే ఏమనుకుంటారో అని కూడా ఉంటుంది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే ఒక రకం మాంసకృత్తే గ్లూటెన్. సీలియాక్ ఉన్నవాళ్ళు అది తింటే వాళ్ళ ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత చిన్నపేగు లోపలి పొరనే దెబ్బతీస్తుంది. ఆ పొర పాడైతే ఐరన్, కాల్షియం ఒంటికి పట్టవు. దీనికి మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ మానెయ్యడమే వైద్యం. "పండగ పూట కొంచెం తింటే ఏం కాదులే" అన్న మాట షుగర్ విషయంలో ఎవరైనా అంటారేమో గానీ, ఇక్కడ చెల్లదు. అప్పటికప్పుడు కడుపునొప్పి రాకపోయినా లోపల దెబ్బ తగులుతూనే ఉంటుంది.

"అది ఉత్తరాది వాళ్ళ జబ్బు, మనకి రాదు" అనేవాళ్ళూ ఉన్నారు. ఆ మాటకి కొంత ఆధారం లేకపోలేదు. 2016లో మన దేశంలోని మూడు ప్రాంతాల్లో 23 వేల మందికి పైగా పెద్దవాళ్ళ మీద చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. సీలియాక్‌కి సంబంధించిన యాంటీబాడీలు ఉత్తరాదిలో నూటికి 1.23 మంది రక్తంలో కనిపిస్తే, దక్షిణాదిలో, అంటే వెల్లూరు ప్రాంతంలో, 0.10 మందిలోనే కనిపించాయి. ఇక్కడితో ఆగితే మనం నిశ్చింతగా ఉండొచ్చు. అదే అధ్యయనంలో ఇంకో లెక్క ఉంది. ఈ జబ్బుకి చోటిచ్చే జన్యువులు ఉత్తరాదిలో నూటికి 38 మందిలో ఉంటే, దక్షిణాదిలో 36 మందిలో ఉన్నాయి. దాదాపు సమానం. తేడా అంతా కంచంలోనే: ఉత్తరాదిలో రోజుకి సగటున 455 గ్రాముల గోధుమ, దక్షిణాదిలో 25 గ్రాములు.

ఇప్పుడు హెండర్సన్‌లో మన ఇంటి లెక్క వేసుకోండి. పొద్దున వీట్‌బిక్స్, లేదా టోస్ట్. మధ్యాహ్నం పిల్లల డబ్బాలో శాండ్‌విచ్. రాత్రికి షుగర్ భయంతో పెద్దవాళ్ళకి చపాతీ. మధ్యలో బిస్కెట్లు. మన అమ్మమ్మలు నెలకి తిన్నంత గోధుమ మనం వారంలో తినేస్తున్నామేమో. న్యూజిలాండ్‌లో సుమారు నూటికి ఒకరికి సీలియాక్ ఉంటుందని అంచనా. చాలామందికి తమకి ఉన్నట్టే తెలియదు.

ముఖ్యంగా ఆడవాళ్ళం. ఏళ్ళ తరబడి రక్తం తక్కువ, ఐరన్ మాత్రలు మింగినా పెరగదు, నీరసం, పొట్ట ఉబ్బరం. బెల్లం తిను, ఖర్జూరం తిను అని ఇంటి నుంచి ఫోన్లు. ఇలా ఉన్నవాళ్ళు జీపీని ఒక రక్తపరీక్ష అడగండి, పేరు టీటీజీ. ఇందులో ఒక మెలిక ఉంది: పరీక్షకి ముందు గ్లూటెన్ మానకూడదు. "చూద్దాం, నెల రోజులు గోధుమ మానేసి చూస్తా" అని మానేశాక పరీక్ష చేయిస్తే, జబ్బు ఉన్నా లేనట్టే రావచ్చు. ఇంట్లో ఒకరికి తేలితే వాళ్ళ తోబుట్టువులూ, పిల్లలూ, అమ్మానాన్నలూ చేయించుకోవాలి. దగ్గరి రక్తసంబంధీకుల్లో పదిమందిలో ఒకరికి ఉండే అవకాశం ఉంది. ఇది చదువుతున్న గుంటూరు పిన్నిగారూ, కరీంనగర్ అక్కా, మీకూ వర్తిస్తుంది.

ఇంగువ డబ్బా

ఇక అసలు సంగతి. ఇంగువ ఒక మొక్క వేరు నుంచి కారే జిగురు. అందులో గ్లూటెన్ లేదు. కానీ దాని ఘాటు తట్టుకోలేం కాబట్టి మైదాయో గోధుమపిండో కలిపి పొడిగానో ముద్దగానో అమ్ముతారు. డబ్బా మీద "కాంపౌండెడ్" అని రాసి ఉండేది అందుకే. మీ పోపుల పెట్టె పక్కన ఉన్న డబ్బా ఒకసారి తిప్పి చూడండి. చాలా బ్రాండ్లలో గోధుమ కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ చిటికెడు ఎక్కడెక్కడ పడుతుందో చూడండి. సాంబారు, చారు, పులిహోర, కొబ్బరి చట్నీ పోపు, మాగాయ, గోంగూర పచ్చడి, కరివేపాకు పొడి, జంతికలు, చేగోడీలు. పేరుకి అన్నీ బియ్యమూ పప్పులే! బియ్యప్పిండితో కలిపిన ఇంగువ కూడా అమ్ముతున్నారు. "గ్లూటెన్ ఫ్రీ" అని రాసి ఉన్నది చూసి కొనుక్కోవచ్చు. అది దొరకని రోజు వెల్లుల్లి పోపు ఉండనే ఉంది.

హోటల్లో అయితే ఆ డబ్బా మన చేతిలో ఉండదు కాబట్టి అడగాల్సిందే. ఎలా అడుగుతామన్నదాన్ని బట్టే జవాబు వస్తుంది. "గ్లూటెన్ ఉందా తమ్ముడూ?" అంటే "లేదక్కా, ఇడ్లీ కదా, బియ్యం మినప్పప్పే" అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. గ్లూటెన్ అనే మాట అతనికి చపాతీ దగ్గర ఆగిపోతుంది. వస్తువు పేరు పెట్టి అడగండి. "దోసె పిండిలో కరకరకి మైదా గానీ బొంబాయి రవ్వ గానీ కలుపుతారా? రవ్వదోసె కూడా ఇదే పెనం మీద పోస్తారా? సాంబార్లో ఏ ఇంగువ? బజ్జీలు వేసే నూనెలోనే సమోసా, పూరీ వేస్తారా?" అప్పుడు "ఉండండక్కా, లోపల అడిగొస్తా" అంటాడు. లోపలికి వెళ్ళాడంటే మీ ప్రశ్న సరిగ్గా పడ్డట్టే.

పెనం సంగతి చాలామందికి తట్టదు. పెసరట్టు స్వతహాగా మంచిదే, పెసలూ అల్లం. కానీ ఉప్మా పెసరట్టులో ఉప్మా గోధుమ రవ్వ. ముందు ప్లేటుకి పోసిన రవ్వదోసె తునకలు ఆ పెనం మీదే ఉంటాయి. మైసూరు బోండా మైదానే. పునుగులు ఇడ్లీ పిండితో వేస్తే సరే, కానీ చాలాచోట్ల మైదా కలుపుతారు. మిరపకాయ బజ్జీ శనగపిండే, అయినా నూనె ఉమ్మడి. గోబీ మంచూరియాలో మైదా, సోయాసాస్ రెండూ ఉంటాయి, సోయాసాస్‌ని మామూలుగా గోధుమ వేసే పులియబెడతారు. పానీపూరీలో పూరీ రవ్వో మైదాయో.

బిర్యానీ చాలావరకు నయం. అన్నం, మాంసం, పెరుగు, మసాలా. రెండు విషయాలు కనుక్కోవాలి. దమ్ వేసేటప్పుడు మూతకి చుట్టూ గోధుమపిండి ముద్ద పెట్టారా, పైన చల్లిన వేయించిన ఉల్లిపాయలు పాకెట్‌వా అని. పాకెట్ ఉల్లిపాయలకి కరకరలాడడానికి పిండి పట్టిస్తారు. పక్కన హలీమ్ పెడితే దాని జోలికి పోవద్దు, అందులో గోధుమ ముఖ్యమైన దినుసు. తందూరీ చికెన్ నాన్ కాల్చే పొయ్యిలోంచే వస్తుంది, అదీ అడగాలి.

గోడ మీద ఆక్లాండ్ కౌన్సిల్ "ఏ" గ్రేడు కార్డు చూసి ధైర్యపడేవాళ్ళున్నారు. ఆ గ్రేడు శుభ్రతకీ, ఆహార భద్రతా పద్ధతులకీ ఇచ్చేది. తళతళలాడే పెనం మీద కూడా రవ్వదోసె వేస్తారు కదా.

అడగడానికి మొహమాటపడేవాళ్ళకి ఒక మాట. న్యూజిలాండ్ నిబంధనల ప్రకారం, ప్యాకింగ్ లేని తిండి అమ్మేవాళ్ళు అందులో గోధుమ, గ్లూటెన్ లాంటివి ఉన్నాయో లేదో రాసి పెట్టాలి, లేదా అడిగినప్పుడు చెప్పాలి. బండి మీద సమోసా అమ్మే ఆయనకైనా, పెద్ద రెస్టారెంట్‌కైనా అంతే. మీరు అడిగేది మర్యాద కోసం చేసే పని కాదు, వాళ్ళ బాధ్యత.

వెస్ట్‌సిటీ నుంచి లింకన్ రోడ్డు దాకా

మాల్‌లో పిల్లలు ముందు పరిగెత్తేది సుషీ కౌంటర్‌కి. అన్నమూ చేపా కదా అనిపిస్తుంది. అక్కడా సోయాసాసే దొంగ. టెరియాకీ చికెన్ దాంట్లోనే నానుతుంది. క్రాబ్ స్టిక్ అని వేసేదాంట్లో గోధుమ పిండిపదార్థం కలుస్తుంది. టెంపురా సరేసరి. సాల్మన్, అవకాడో, కీరా చుట్టినవి అడిగి తీసుకుని, ఇంటి నుంచి చిన్న సీసాలో "తమరి" తీసుకెళ్ళండి. తమరి అంటే గోధుమ లేకుండా చేసే సోయాసాస్, కానీ అన్ని తమరీలూ అలా ఉండవు, లేబుల్ చూడాలి. వియత్నాం కౌంటర్‌లో రైస్ పేపర్ రోల్స్ బాగుంటాయి. ముంచుకునే హోయిసిన్ సాస్ మాత్రం వద్దని చెప్పండి.

కివీ కేఫ్‌ల గాజు బీరువాల్లో చిన్న చీటీల మీద "జీఎఫ్" అని ఉంటుంది. ఆరెంజ్ బాదం కేకు, బ్రౌనీ, ఫ్రిటాటా. చీటీ నిజమే అయినా, అమ్మాయి అదే పట్టకారుతో ముందు క్రొసాంట్ తీసి, తర్వాత మీ బ్రౌనీ తీస్తుంది. "ఐ హావ్ సీలియాక్, కుడ్ యూ యూజ్ క్లీన్ టాంగ్స్ ప్లీజ్" అనండి. సీలియాక్ అన్న మాట వినగానే చాలామంది చేతులు కడుక్కుని మరీ వస్తారు. ఈ విషయంలో కివీ కేఫ్ కుర్రాళ్ళకి ఉన్న తర్ఫీదు మన హోటళ్ళలో ఇంకా రాలేదు, చెప్పుకోక తప్పదు. మెనూలో "జీఎఫ్‌ఓ" అని ఉంటే, అడిగితే గ్లూటెన్ లేకుండా చేసి ఇస్తామని అర్థం. అడక్కపోతే మామూలుదే వస్తుంది. "గ్లూటెన్ ఫ్రెండ్లీ" అని ఉంటే మాత్రం అది చట్టం గుర్తించిన మాట కాదు. పిజ్జా చోట్ల గ్లూటెన్ ఫ్రీ బేస్ ఇస్తారు, దాని కిందే చిన్న అక్షరాల్లో సీలియాక్ వాళ్ళకి తగదని రాస్తారు. ఎందుకంటే బల్లంతా పిండే. కాఫీలో ఓట్ మిల్క్ వద్దు. ఇక్కడ ఓట్స్‌తో చేసిన దేన్నీ గ్లూటెన్ ఫ్రీ అని అమ్మకూడదు.

ఫిష్ అండ్ చిప్స్ కొట్లో ఆలూ చిప్స్‌లో గ్లూటెన్ ఏముంటుంది అనుకుంటాం. పిండి ముంచిన చేప వేగిన నూనెలోనే అవీ వేగుతాయి. "సెపరేట్ ఫ్రయర్" ఉందా అని అడగండి. లేదంటే అక్కడ తినడానికి ఏమీ లేనట్టే. శనివారాలు పెద్ద హార్డ్‌వేర్ షాపుల బయట సాసేజ్ సిజిల్ పెడతారు. రొట్టె తీసేసినా, సాసేజ్ లోపలే రొట్టెపొడి ఉండొచ్చు. స్కూల్లో హాంగీ పెడితే కూమరా, బంగాళాదుంప, మాంసం ఆవిరి మీద కమ్మగా ఉడుకుతాయి. స్టఫింగ్ మాత్రం బ్రెడ్‌తో చేస్తారు, అది ఏ గిన్నెలో ఉందో చూడండి.

మనం పెద్దగా పట్టించుకోనిది ఫిజీ ఇండియన్ కొట్లు, పసిఫిక్ కొట్లు. చేమదుంప లాంటి డాలో, కర్రపెండలం, అరటికాయలు, కొబ్బరి, చేమాకు: గోధుమ ఊసే లేని తిండి అక్కడ కుప్పలుగా ఉంటుంది. కర్రపెండలం ఉడకబెట్టి, ఆవాలు ఎండుమిర్చి పోపు పెట్టి చూడండి, సాయంత్రం చిరుతిండికి ఇంకేం కావాలి! 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీ చెరకు తోటలకి వెళ్ళినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ కొట్లలో కొందరి ఇంటిపేర్లు వింటే మీకే తెలుస్తుంది. వాళ్ళు అమ్మే బారా పప్పు రుబ్బి వేసేదే, మన గారెకి చుట్టం. పిండి కలిపారో లేదో, నూనె విడిదో కాదో అడిగి తినండి.

నమ్మకంగా కూర్చుని తినాలంటే సీలియాక్ న్యూజిలాండ్ అనే సంస్థ నడిపే డైనింగ్ అవుట్ ప్రోగ్రామ్‌లో గుర్తింపు పొందిన చోట్లు వెతకండి. వంటగది పద్ధతులు పరిశీలించి ఇచ్చే గుర్తింపది. మన తెలుగు హోటల్ ఒకటి ఆ గుర్తింపు తెచ్చుకుంటే, న్యూలిన్ నుంచి కూడా రైలెక్కి వచ్చి తింటామని యజమానులకి మనమే చెప్పాలి.

పాకెట్ వెనక

ఇక్కడ "గ్లూటెన్ ఫ్రీ" అని రాయాలంటే పరీక్షలో గ్లూటెన్ జాడే కనపడకూడదు. ఇండియాలో కిలోకి 20 మిల్లీగ్రాముల దాకా ఉన్నా ఆ మాట రాయొచ్చు. యూరప్‌లోనూ అంతే. ఇక్కడి నియమం ప్రపంచంలోకెల్లా గట్టి వాటిలో ఒకటి, అందుకని ఇక్కడి లేబుల్‌ని నమ్మడం సులువు. 2024 ఫిబ్రవరి 25 నుంచి కొత్త లేబుల్ నియమాలు అమల్లోకి వచ్చాయి. గోధుమ ఉంటే "వీట్" అని లావు అక్షరాల్లో రాయాలి, చివర "కంటెయిన్స్" అనే వరుసలో మళ్ళీ చెప్పాలి. ఇండియా నుంచి వచ్చిన మిక్చర్ పాకెట్ మీద ఇంగువలోని గోధుమ కూడా అలాగే బయటపడాలి. ఇంపోర్టర్ అంటించిన తెల్ల స్టిక్కర్ చదవండి. "మే కంటెయిన్" అన్నది మాత్రం కంపెనీల ఇష్టం. అది రాయలేదు కదా అని ధీమా పడొద్దు. రాగిపిండి, జొన్నపిండి, శనగపిండి చాలాసార్లు గోధుమ ఆడించిన మరలోనే ఆడిస్తారు.

కొన్ని పేర్లు తికమక పెడతాయి. "వీటన్ కార్న్‌ఫ్లోర్" అని ఇక్కడ అమ్మేది పేరుకే మొక్కజొన్న, చేసేది గోధుమతో. గుడ్డు తెల్లసొనతో చేసే పావ్లోవా మామూలుగా గ్లూటెన్ లేనిదే, కానీ ఈ కార్న్‌ఫ్లోర్ వేశారంటే చెడినట్టే. మైలో, హార్లిక్స్ రెండూ బార్లీ మాల్ట్‌తో చేసినవి. జ్వరం వస్తే హార్లిక్స్, వేడి చేస్తే బార్లీ నీళ్ళు అని పెరిగినవాళ్ళం, ఈ రెండూ సీలియాక్ బిడ్డకి పట్టకూడదు. సగ్గుబియ్యం జావ పట్టండి. తమాషా ఏమిటంటే, గ్లూటెన్ ఫ్రీ వీట్‌బిక్స్ దేంతో చేస్తారో తెలుసా? జొన్నలతో! రాయలసీమలో, తెలంగాణలో జొన్నరొట్టె తిని పెరిగి, ఇప్పుడు అదే జొన్న రెట్టింపు ధరకి డబ్బాలో కొనుక్కుంటున్నాం.

పిల్లలు కిండీకి వెళ్తుంటే ప్లేడో సంగతి టీచర్‌కి చెప్పండి. ఇంట్లో, కిండీలో చేసే ఆ ముద్ద గోధుమపిండే, పిల్లల చేతులు నోట్లోకి పోకుండా ఉండవు కదా.

ప్రసాదం

దీని గురించి బహిరంగంగా ఎవరూ రాయరు, కానీ ఫోన్లలో మాట్లాడుకునేది ఎక్కువ ఇదే. సత్యనారాయణ వ్రతం ప్రసాదం రవ్వతో చేస్తారు. అన్నవరం ప్రసాదమే గోధుమనూకా బెల్లమూ. చేతిలో పెట్టిన ప్రసాదం వద్దనడం ఎలా? "దేవుడి ప్రసాదానికి కూడా రూల్సా?" అని ఒక పెద్దావిడ నవ్వుతూనే అంటుంది, మనకి గుచ్చుకుంటుంది. కళ్ళకద్దుకుని పక్కవాళ్ళకిచ్చేస్తే ఏ లోపమూ లేదని నా అభిప్రాయం. పూజ చేసేవాళ్ళు పండూ, కొబ్బరిముక్కా విడి పళ్ళెంలో ఉంచితే ఆ అమ్మాయి అందరిలోనూ విడిగా కనపడదు. మన క్రైస్తవ సోదరీమణులకీ ఇదే చిక్కు. 2017లో వాటికన్ మళ్ళీ స్పష్టం చేసింది, కతోలిక పూజలో అప్పంలో గోధుమ బొత్తిగా లేకుండా కుదరదని, గ్లూటెన్ బాగా తగ్గించినది వాడొచ్చని. ఫాదర్‌తో ముందే మాట్లాడుకుని ఆ తక్కువ గ్లూటెన్ అప్పం మీ ఒంటికి సరిపోతుందో లేదో డాక్టర్‌ని అడగడం, లేదా ద్రాక్షరసం మాత్రమే తీసుకోవడం కొందరు చేస్తున్న పని.

వనభోజనాలకీ, బతుకమ్మకీ తలా ఒక వంట తెచ్చుకున్నప్పుడు సీలియాక్ ఉన్న ఇంటివాళ్ళని ముందు వడ్డించుకోనివ్వండి. పులిహోర గరిటె పూరీ పళ్ళెంలోకి వెళ్ళకముందే. అంత చాలు.

అమ్మకి చెప్పాల్సినవి

ఇండియా నుంచి ఎవరైనా వస్తుంటే ఏం పంపమంటావని అడుగుతారు కదా. కాజాలు, గవ్వలు, కజ్జికాయలు, బొబ్బట్లు మైదావి, వద్దనండి. సున్నుండలు, అరిసెలు, పూతరేకులు, నువ్వుండలు, వేరుశనగ పట్టీలు, ఇంగువ లేకుండా చేసిన సకినాలు, చెక్కలు అడగండి. కొట్లో కొనేదానికంటే ఇంట్లో చేసినదే మేలు, కానీ బియ్యప్పిండి మరకి పంపే ముందు ఆ మరలో గోధుమ ఆడించారేమో చూడమనండి. తడిపి, ఆరబెట్టి, ఇంట్లో మిక్సీలో కొట్టుకుంటే ఆ బెడదే ఉండదు. పిండి వేయించే మూకుడు, వేపుడు నూనె కొత్తవైతే మంచిది. డబ్బా మీద ఏమేం వేశారో ఇంగ్లీషులో ఒక చీటీ అంటించమనండి. అది మనకీ పనికొస్తుంది, ఆక్లాండ్ ఎయిర్‌పోర్టులో బయోసెక్యూరిటీ వాళ్ళకీ పనికొస్తుంది. తెచ్చిన తిండి అంతా డిక్లేర్ చేయాలి. చేయకపోతే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. నెయ్యి వేసినవి ఆపుతారో పంపుతారో వాళ్ళే చూసి చెబుతారు. అత్తయ్యగారికి విమానం ఎక్కకముందే ఈ మాట చెప్పండి.